ఒత్తు

ఆదోనిలో ఎండాకాలమొస్తే
కీబోర్డుకు కూడా దగ్గొస్తాది.
జిన్నింగు మిల్లు దూది గాలికి ఎగిరొచ్చి
మీటల సందుల్లో గూడు కడతాది.
పొద్దున్నే షట్టరెత్తి
రంగులేసే బ్రష్షుతో ఊడుస్తాను.

ఏ మీద గీత మిగల్లే. ఎంటరు మీట బోడిగుండు.
పై వరసలో కుడిపక్క మూడు మాత్రం
చుట్టాలొస్తే తప్ప అటక దిగని ఇత్తడి చెంబుల్లా
ఇంకా మెరుస్తానే ఉన్నాయి.
ఇవెందుకు సార్ అంటే
హుసేనప్ప సారు నవ్వినాడు:
"ఊరికే ఎవురికీ కుర్చీ వెయ్యరు పాపా."

ప్రింట్ స్క్రీన్ అని రాసుంటే నమ్మి
ఒత్తి, ప్రింటరు ముందు చెయ్యి చాపి
నిలబడినాను మొదటిరోజు.
కాగితం రాలే. చప్పుడు లే.
తెరంతా బొమ్మ తీసి
దవడన పెట్టుకుని కూర్చుంటాదంట అది,
అతికించే చోటు చూపిందాకా ఉమ్మదంట.

పత్తి తూకాల పట్టికలో
స్క్రోల్ లాక్ ఒత్తి బాణం ఒత్తినామా,
నేనున్న గడి కదలదు, పట్టికే కదుల్తాది.
గుంతకల్లు ప్యాసింజరు కిటికీ మాదిరి,
మనం కూర్చునే ఉంటాం, చేలు పోతాంటాయి.

పాజ్ మాట వినేది
మిషను నిద్రలేచేటప్పుడే.
నల్లతెర మీద ఉరికే అక్షరాలు
ప్రేయరు బెల్లు కొట్టినట్టు ఆడికాడికి ఆగిపోతాయి.

ఇన్సర్ట్‌తోనే జాగర్త.
పేరుకు చేర్చేది, పనికి మింగేది.
చెయ్యి తగిలిందా, కొత్తగా కొట్టే ప్రతి అక్షరం
పక్కదాన్ని తినుకుంటా పోతాది.
ఒకసారి తూర్పు హద్దు సరిచెయ్యబోయి
పడమటి హద్దంతా తినేసినా,
మేకలు పడిన చేనైంది దస్తావేజు.
కంట్రోల్ జడ్, పదకొండుసార్లు.
టైపుమిషను కాలంలో
వెనక్కి పోయే మీట పోయేదంతే, తుడిచేది కాదు,
తప్పును ఎక్సుల వరస కింద పూడ్చేవాళ్ళం, అంటాడు సారు.

ఇంగ్లీషు పేరును
షిఫ్ట్ ఎఫ్ మూడు పెద్దది చేస్తాది, చిన్నది చేస్తాది.
తెలుగు మీద ఒత్తి చూసినా. ఏమీ కాలే.
ఎమ్మెల్యే పేరైనా అంతే, హమాలీ పేరైనా అంతే.

బేస్తవారం మధ్యాన్నం మహబూబ్‌బీ వచ్చింది.
మిల్లులో ముప్పై ఏండ్లు
పత్తిలో చెత్తా గింజా ఏరిన మనిషి.
పింఛను కాగితాలు రెండు, పేర్లు రెండు.
ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కావాల.
కొట్టిచ్చినా.
చదువు రాదు. తన పేరొక్కటే తెలుసామెకు,
రేషను కార్డులో చూసి చూసి, మొహం ఎరికైనట్టు.
కాగితం దూరంగా పట్టుకుని
"ఇది నేను గాదు" అనింది.
"నా పేరులో
ఎవురూ ఎవురి కాళ్ళకింద లేరమ్మా."

చూస్తే నిజమే.
మహబూబ్బీ.
రెండో బ మొదటిదాని కింద ఒత్తై అణిగి ఉంది.

సారు లేచొచ్చి నా వెనక నిలబడినాడు.
"బీ తుడువు. పొల్లు పక్కన ఆగు.
కంట్రోలు పట్టుకో. షిఫ్టు వదలొద్దు. ఇప్పుడా అంకె."
ఒత్తినా.
మళ్ళీ బీ కొడితే ఒత్తు లేదు.

మధ్యలో పడిందేందో కనపళ్ళే.
వెడల్పు లేదు, సిరా లేదు, ఖాళీ కూడా కాదు.
బాణంతో దాటబోతే మాత్రం
కర్సరు ఒక్క అడుగు అక్కడే తచ్చాడింది,
గడప ముందు చెప్పులు విడిచినట్టు.

అదిలేని మహబూబ్బీ వేరే మనిషంట బ్యాంకు మిషనుకు.
అందుకే ఉగాదికి ముందునుంచీ డబ్బు రాలేదంట.

"కనపడని అక్షరానికి ఎంతప్పా?" అనడిగింది.
"కనపడేవాటికే పేజీకి ముప్పై" అన్నాడు సారు.
ముప్పై లెక్కబెట్టి, కాగితం మడిచి,
లేస్తా లేస్తా
స్పేస్ బారు మీద వాలిన దూదిపింజను తీసి
గింజ ఉందేమోనని
అలవాటు చొప్పున
రెండేళ్ళ మధ్య నలిపి చూసింది.